డెట్రాయిట్ డౌన్‌టౌన్: చూసి తీరాలి, పార్కింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త

మిచిగన్‌లో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న నోవై, ట్రాయ్, కాంటన్ వైపు మనవాళ్లు చాలామంది ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా చూపిస్తారు, షికాగో చూపిస్తారు. ముప్పావుగంట దూరంలో ఉన్న డెట్రాయిట్ డౌన్‌టౌన్‌కి మాత్రం తీసుకెళ్లరు. "అక్కడేముంది, పాడుబడిన బిల్డింగులు" అనేస్తారు. ఆ మాట పదేళ్ల కింద చెల్లేదేమో, ఇప్పుడు చెల్లదు. అది చెప్పాలనే రాస్తున్నాను. దాంతోపాటు పార్కింగ్ పేరుతో మమ్మల్ని ఎలా పిండారో కూడా చెప్పాలి, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మేం ఒహాయోలోని కొలంబస్ నుంచి కారులో వెళ్లాం. దారి గురించి చెప్పడానికేం లేదు. నేను, మా ఆయన, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు. మావయ్యగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మిచిగన్ సెంట్రల్ అనే పాత స్టేషన్‌ని బాగుచేశారని ఏదో వీడియోలో చూసి, అది చూపించమని ఆయనే అడిగారు.

హోటల్ సంగతి ముందు చెప్పేస్తాను. ఎప్పుడో వందేళ్ల కింద కట్టి, మధ్యలో మూతపడి, ఈమధ్య బాగుచేసి తెరిచిన భవనం. లాబీ చూస్తే కళ్లు తిప్పుకోలేం. గది రాత్రికి 189 డాలర్లు. బుకింగ్ పేజీలో "పార్కింగ్ ఉంది" అని రాశారు. తీరా వెళ్తే మనం పెట్టుకునే పార్కింగ్ లేదు, వాలెట్ (తాళం ఇస్తే హోటల్ వాళ్లే కారు తీసుకెళ్లి పెట్టడం) ఒక్కటే, రాత్రికి 58 డాలర్లు, పన్ను అదనం. ఆ మాట పేజీలో ఎందుకు లేదని అడిగితే, కౌంటర్‌లో అబ్బాయి తల ఎత్తకుండా "డౌన్‌టౌన్ కదా, మీకు తెలిసే ఉండాలి" అన్నాడు. పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు కాబట్టి మా ఆయన ఏమీ అనలేదు. గొడవ పడాల్సింది అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మర్నాడు పొద్దున కారు తెమ్మంటే నలభై నిమిషాలు పట్టింది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు అంతసేపూ గుమ్మంలో నిలబడే ఉన్నారు. ఒక కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, కానీ ఆ హోటల్‌కి మళ్లీ వెళ్లను.

ఇక స్టేషన్. 1913లో తెరిచారు, 1988లో ఆఖరి రైలు వెళ్లిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు కిటికీలు పగిలి, గోడలకున్న రాళ్లు కూడా ఊడబెరుక్కుపోయి, ఊరు ఎంత దిగజారిందో చూపించడానికి ప్రతి పత్రికా వేసే ఫోటో అదే అయింది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020కి ఆరున్నర లక్షల లోపుకి పడిపోయిన ఊరు ఇది. 2013లో దాదాపు 1800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా తీసింది. అలాంటి చోట 2018లో ఫోర్డ్ కంపెనీ ఈ స్టేషన్‌ని 9 కోట్ల డాలర్లకు కొని, ఆరేళ్లు పనిచేయించి, 2024 జూన్‌లో తెరిచింది. నగరం, రాష్ట్రం పన్ను రాయితీలు ఇచ్చాయి.

లోపలికి టికెట్ లేదు. వెయిటింగ్ హాల్లోకి అడుగుపెట్టగానే మావయ్యగారు టోపీ తీసేశారు. పైన కమాను కప్పుకి 29,000 పలకలు. వాటిలో చాలా కొద్దిగానే మార్చాల్సి వచ్చిందట, మిగతావన్నీ నూరేళ్ల నాటివే. రాయి కోసం ఇండియానాలో ఎప్పుడో మూసేసిన క్వారీని వెతికి మళ్లీ తవ్వించారు. పాత రాయికి, కొత్త రాయికి రంగు తేడా తెలియకూడదని అంత శ్రమ. కొన్ని గోడల మీద పాడుబడ్డ రోజుల్లో కుర్రాళ్లు వేసిన రంగుల రాతలను అలాగే ఉంచారు. అది నాకు బాగా నచ్చింది. ఇంకో సంగతి: ఫోర్డ్ కొన్నదని తెలిశాక, ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఇరవై ఏళ్ల కిందట పోయిన స్టేషన్ గడియారం ఫలానా చోట పెట్టాను, వచ్చి తీసుకెళ్లండి అన్నారట. వెళ్లి చూస్తే నిజంగానే ఉంది. ఈ కథ విన్నప్పుడు అత్తయ్యగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మావయ్యగారు హాలంతా రెండుసార్లు తిరిగి, టికెట్ కౌంటర్ల కిటికీలు తడిమి చూసి, "ప్లాట్‌ఫారం ఎటమ్మా?" అని అడిగారు. ప్లాట్‌ఫారం లేదు, రైళ్లూ రావు. పై అంతస్తుల్లో ఆఫీసులు, స్టార్టప్‌లు. ఇక్కడి ప్రయాణికుల రైలు ఆమ్‌ట్రాక్ ఊళ్లో ఇంకో చోట ఆగుతుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చాక, "ఇంత బాగా చేసినవాళ్లు ఒక్క రైలు కూడా తెప్పించలేకపోయారా అమ్మాయ్?" అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే. దగ్గర్లో రైలు, బస్సు స్టేషన్ కట్టాలని ప్రభుత్వం ఆలోచిస్తోంది. అది కట్టిననాడే ఈ పని పూర్తయినట్టు అని నేనూ అంటాను. అయినా ఈ ఒక్క హాలు కోసం మూడు వందల కిలోమీటర్లు డ్రైవ్ చేయొచ్చు. తెరిచి ఉండే వేళలు మాత్రం వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి.

ఆ సాయంత్రమే పార్కింగ్‌లో మోసపోయాం. వాలెట్ భరించలేక కారు బయట పెడదామని, వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన ఒక ఖాళీ స్థలంలోకి వెళ్లాం. బోర్డు మీద "రోజంతా 10 డాలర్లు" అని పెద్ద అక్షరాలు. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కార్డు నంబర్ ఇచ్చాక 60 డాలర్లు కోసేశారు. ఆ రోజు టైగర్స్ బేస్‌బాల్ మ్యాచ్ ఉందట. మ్యాచ్ రోజు రేటు వేరు అన్న ముక్క బోర్డు అడుగున ఆవగింజంత అక్షరాల్లో ఉంది. అడగడానికి మనిషి లేడు. ఫోన్ నంబర్‌కి చేస్తే రికార్డు చేసిన గొంతు తప్ప ఏం లేదు. మేం ఆట చూడ్డానికి కూడా రాలేదు!

నా కోపం ఆ 60 డాలర్ల మీదే కాదు. చుట్టూ చూస్తే అలాంటి ఖాళీ స్థలాలు ఎన్నో. దగ్గర్లోనే హాకీ, బాస్కెట్‌బాల్ ఆడే లిటిల్ సీజర్స్ అరీనా ఉంది. 2017లో తెరిచారు, సుమారు 86 కోట్ల డాలర్లు అయింది, అందులో 32 కోట్లకు పైగా ప్రజల సొమ్ము. 2014లో ప్లాన్ ప్రకటించినప్పుడు చుట్టూ అయిదు కొత్త పేటలు వస్తాయని, ఇళ్లు, దుకాణాలు కళకళలాడతాయని చెప్పారు. చాలా భాగం ఇంకా తారు పరిచిన పార్కింగే. అరీనా కట్టించిన ఇలిచ్ కుటుంబమే 1988లో, డౌన్‌టౌన్‌కి ఎవరూ రాని రోజుల్లో, ఫాక్స్ థియేటర్‌ని బాగుచేసింది. ఆ మంచి పనిని కాదనను. కానీ ప్రజల డబ్బు తీసుకుని ఇస్తామన్న ఇళ్లు ఇవ్వకపోతే అడగాల్సిందే. ఖాళీ నేల మ్యాచ్ రోజున కారుకి 60 సంపాదించి పెడుతుంటే ఇల్లు కట్టాలన్న తొందర ఎవరికుంటుంది?

మర్నాడు కారు ముట్టుకోలేదు, రోజంతా హాయిగా గడిచింది. వుడ్‌వర్డ్ మీద క్యూలైన్ ట్రామ్ ఉచితం. 2017లో ప్రైవేటు కంపెనీలు, ఫౌండేషన్లు, ప్రభుత్వం డబ్బులు కలిపి వేసిన లైను. 3.3 మైళ్లే, నెమ్మదిగా వెళ్తుంది, పెద్దవాళ్లకు ఎక్కడం తేలిక. క్యాంపస్ మార్షస్ పార్కులో దిగి కూర్చున్నాం. 2004లో రోడ్ల కూడలిని పార్కుగా మార్చారు, ఎండాకాలం ఇసుక పోసి బీచ్‌లా చేస్తారు. పక్కనే, 1998లో కూల్చేసిన హడ్సన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ స్థలంలో డాన్ గిల్బర్ట్ అనే వ్యాపారి కంపెనీ కట్టిన కొత్త టవర్. దీనికి నగరం పదేళ్లకు 6 కోట్ల డాలర్ల పన్ను మినహాయింపు ఇచ్చింది. నాకు ఆ టవర్ కన్నా అదే కంపెనీ బాగుచేసి 2023లో తెరిచిన బుక్ టవర్ వంద రెట్లు నచ్చింది. 1926 నాటిది, లోపల గాజు గుమ్మటం కింద నిలబడి చూడండి. 1929 నాటి గార్డియన్ బిల్డింగ్ లాబీ కూడా వదలొద్దు, రెండూ ఉచితమే.

ఆర్ట్ మ్యూజియంలో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా వేసిన ఫ్యాక్టరీ కుడ్యచిత్రాలు చూశాం. ఊరు దివాలా తీసినప్పుడు అప్పులవాళ్ల కన్ను ఈ మ్యూజియం బొమ్మల మీద పడిందని, ఫౌండేషన్లు, రాష్ట్రం కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసి అటు బొమ్మల్నీ ఇటు నగర ఉద్యోగుల పింఛన్లనీ చాలావరకు కాపాడాయని చెప్తే, మావయ్యగారి మొహం విచ్చుకుంది. "పింఛను ఆపకపోవడం గొప్ప పని" అన్నారు. కోత కొంత పడిందని నేను చెప్పలేదు.

తిండికి అత్తయ్యగారి గురించి బెంగపడ్డాను, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఇక్కడ పేరున్న కోనీ డాగ్ మాంసమే. కానీ డెట్రాయిట్ పిజ్జా ఉంది కదా: 1946లో బడ్డీస్‌లో పుట్టింది, చతురస్రంగా ఉంటుంది, అంచుల్లో చీజ్ మాడి కరకరలాడుతుంది, సాస్ పైన పోస్తారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చిమిరప కారంతో ఆవిడ మూడు ముక్కలు తిన్నారు. ఆ ప్రయాణంలో ఆవిడ కడుపునిండా తిన్నది అప్పుడే. రెండు పిజ్జాలు, టిప్పుతో 46 డాలర్లు, ప్రతి సెంటూ గిట్టింది.

మళ్లీ వెళ్తే ఊరి బయట ఉచిత పార్కింగ్ ఉన్న హోటల్ తీసుకుంటాను, మా గదికి పెట్టినదాంట్లో సగానికే దొరుకుతాయి. టైగర్స్ మ్యాచ్ లేని రోజు చూసుకుని, మనిషి ఉన్న గ్యారేజీలో కారు పెట్టి ట్రామ్ ఎక్కుతాను. స్టేషన్‌కి సిటీ బస్సు ఉంది, 2 డాలర్ల టికెట్ నాలుగు గంటలు చెల్లుతుంది. ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నాను: నది అవతల కనిపించేది కెనడా. వంతెన, సొరంగం దగ్గర ఒక్క మలుపు తప్పితే వెనక్కి తిరగడానికి దారి ఉండదు, నేరుగా సరిహద్దుకే వెళ్తారు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు కారులో ఉంటే అది చిన్న టెన్షన్ కాదు. "బ్రిడ్జ్ టు కెనడా" అని బోర్డు కనిపించిన లేన్‌లోంచి వెంటనే పక్కకి రండి, ఫోన్‌లో మ్యాప్ ఏం చెప్పినా సరే.