ఉప్పునీటి పూల్‌కి స్కేల్ నివారణ ద్రవం: అయిదుకి నాలుగు స్టార్లు

నేను వాడింది హెచ్‌ఈడీపీ అనే ఫాస్ఫోనేట్‌తో తయారైన ద్రవం. ఉప్పునీటి పూల్స్‌కని అమ్మే స్కేల్ (గట్టిగా పేరుకునే సున్నం) నివారణ డబ్బాల వెనక చిన్నక్షరాల్లో చూడండి, చాలావాటిలో అసలు సరుకు ఇదే. ఒక ఈత సీజన్ మొత్తం వాడి రాస్తున్నాను. పనిచేస్తుంది. కొత్తగా సున్నం పేరుకోవడం బాగా తగ్గింది. కట్ చేసిన ఆ ఒక్క స్టారు ఎందుకో కింద చెప్తాను.

మా పూల్‌లో నీళ్లు బాగా కఠినం, కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన కాల్షియం కొలత) 400 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) పైనే ఉంటుంది. ఎండకి ఆవిరయ్యేది నీళ్లే, కాల్షియం అక్కడే మిగులుతుంది. తగ్గిన నీళ్లకి మళ్లీ అవే నీళ్లు పోస్తాం కాబట్టి అది పెరుగుతూనే పోతుంది. దీనికి తోడు సాల్ట్ సెల్, అంటే ఉప్పునీళ్లలోంచి క్లోరిన్ తయారుచేసే పరికరం. అందులో టైటానియం పలకల మధ్య కరెంటు పారినప్పుడు ఒక పలక దగ్గర క్లోరిన్ పుడుతుంది, ఎదుటి పలక దగ్గర హైడ్రోజన్ బుడగలూ హైడ్రాక్సైడూ పుడతాయి. ఆ హైడ్రాక్సైడ్ వల్ల పలకని ఆనుకున్న నీళ్ల పీహెచ్ మిగతా పూల్ కన్నా ఎంతో ఎక్కువగా ఉంటుంది. అందుకే టైల్స్ మీద గీత కూడా కనబడకముందే సెల్ లోపల తెల్లటి పెచ్చు కడుతుంది. అది ఊడి రిటర్న్ జెట్‌ (నీళ్లు తిరిగి పూల్‌లోకి వచ్చే రంధ్రం) లోంచి రేకులు రేకులుగా పూల్‌లోకి వచ్చి పడుతుంది. పిల్లలు మెట్ల మీద కూర్చుంటే కాళ్లకి గరుకుగా తగిలేది అదే.

ఈ ద్రవం నీళ్లలోంచి కాల్షియాన్ని తీసెయ్యదు. అప్పుడే పుడుతున్న కాల్షియం కార్బొనేట్ స్ఫటికాల అంచులకి అంటుకుని వాటిని ఎదగనివ్వదు, అంతే. కాబట్టి వేసిన తర్వాత హార్డ్‌నెస్ పరీక్ష చేస్తే అంకె దాదాపు అలాగే ఉంటుంది. అది చూసి సరుకు నకిలీ అనుకోకండి. నాకు తేడా తెలిసింది సెల్ విప్పి టార్చి వేసి చూసినప్పుడు. ఇదివరకు పలకల మధ్య సందులు పూడుకుపోయేవి. ఇప్పుడు అంచుల దగ్గర పలచని మసక తప్ప ఏమీ లేదు. ఆసిడ్‌తో కడగాల్సిన అవసరం బాగా తగ్గింది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైన లాభం అదే. కడిగిన ప్రతిసారీ పలకల మీది రుథేనియం పూత కొంచెం కొంచెం అరుగుతుంది. ఆ పూత పోతే సెల్ పోయినట్టే.

ఇక ఆ స్టారు సంగతి. నేను కొన్న డబ్బా మీద "పాత స్కేల్‌ని కూడా కరిగిస్తుంది" అని ఉంది. నా టైల్స్ మీద గట్టిపడిన పాత గీత ఇసుమంత కూడా కదల్లేదు. గట్టిపడినదానికి ఆసిడో, చేత్తో రుద్దడమో తప్పదు. కొనేవాళ్లకి ఇలాంటి ఆశ పెట్టకూడదు, ఈ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది.

ఒకసారి వేసి మరచిపోయే మందు కాదిది. క్లోరిన్ దీన్ని మెల్లగా విరగ్గొడుతుంది, అందుకే డబ్బా మీద చెప్పిన వ్యవధి ప్రకారం మళ్లీ మళ్లీ పోస్తుండాలి. షాక్ (ఒకేసారి ఎక్కువ మోతాదు క్లోరిన్) వేసిన రోజు పొయ్యకండి, దండగ. విరిగినప్పుడు చివరికి ఫాస్ఫేట్ మిగులుతుంది కాబట్టి ఫాస్ఫేట్ పరీక్షలో అంకె పెరుగుతుంది. ఫాస్ఫేట్ నాచుకి మేతే అయినా, క్లోరిన్ సరిపడా ఉన్నంతకాలం దానికి కంగారు పడక్కర్లేదు. కంగారుపడి ఫాస్ఫేట్ రిమూవర్ పోస్తే ఈ మందు కూడా దెబ్బతింటుంది.

పీహెచ్‌ని గాలికొదిలేసి ఈ ద్రవం మీద భారం వేస్తే మాత్రం ఏ కంపెనీది కొన్నా ఫలితం ఉండదు. ఉప్పునీటి పూల్‌లో పీహెచ్ దానంతటదే పైకి పోతుంది. సెల్‌లోని బుడగలూ, జెట్లూ నీళ్లని కదుపుతుంటే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోవడమే కారణం. నేను పీహెచ్ 7.6 దగ్గర, ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బొనేట్ వగైరా క్షారాల కొలత) 60 నుంచి 80 పీపీఎం మధ్య ఉంచుతాను. ఆల్కలినిటీ ఇలా తక్కువలో ఉంటే పీహెచ్ పెరగడం కూడా నెమ్మదిస్తుంది. నీళ్లు సున్నం పేరుస్తాయా, కరిగిస్తాయా అని చెప్పే లాంజెలియర్ సూచీ లెక్కవేసి సున్నాకీ మైనస్ 0.3కీ మధ్య ఉండేలా చూస్తాను. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ సూచీ పెరుగుతుంది, కాబట్టి చలికాలపు లెక్క ఎండాకాలానికి పనికిరాదు. క్లోరిన్ చాలనప్పుడు కాల్షియం హైపోక్లోరైట్ పొడి బదులు లిక్విడ్ క్లోరిన్ వాడండి, ఆ పొడిలో మళ్లీ కాల్షియమే ఉంటుంది.

హార్డ్‌నెస్ 250 పీపీఎం దాటని నీళ్లున్నవాళ్లు, పీహెచ్ క్రమంగా చూసుకునేవాళ్లు ఇది కొనక్కర్లేదు. ఆ డబ్బుతో చుక్కలు వేసి కొలిచే మంచి టెస్ట్ కిట్ కొనుక్కోండి. రంగు పట్టీలతో కాల్షియం సరిగ్గా తెలియదు.