లైలాక్ పేరుతో తురకవేప పంపారు: డబ్బు కట్టే ముందు ఆకు చూడండి

అనంతపురం, కడప, కర్నూలు వైపు ఉన్నవారెవరైనా "సువాసన లైలాక్, పొట్టి రకం, కుండీలోనూ పూస్తుంది" అన్న ప్రకటన చూసి మొక్క తెప్పించుకోబోతుంటే దయచేసి ఆగండి. కిందటి జులైలో నేను మూడు మొక్కలకు 1,797 రూపాయలు కట్టాను. వచ్చినవి ఊదా పూల లైలాక్ పొదలు కావు, వేపను పోలిన తురకవేప చెట్లు. అసలైనవే వచ్చి ఉన్నా మా అనంతపురంలో పూసేవి కావు. ఈ రెండో మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే డబ్బూ మిగిలేది, ఎనిమిది నెలల చాకిరీ తప్పేది.

ఈ మొక్క మీద నాకు మనసు పడడానికి కారణం ఉంది. అమ్మాయి దగ్గరికి ఇలినాయ్ వెళ్ళినప్పుడు, మే నెలలో, లాంబార్డ్ అనే ఊళ్ళోని లైలాక్ తోటకు తీసుకెళ్ళింది. గుత్తులు గుత్తులుగా లేత ఊదా పూలు. ఆ పరిమళం ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. లైలాక్ మన మల్లె, పారిజాతాల కుటుంబానికి చెందినదే అని తెలిశాక ఇంకా దగ్గరైంది. మా ఇంటి మెట్లకూ ప్రహరీకీ నడుమ ఆరడుగుల వెడల్పు నేల ఉంది. చెట్టు పట్టదు. పొద పడుతుంది.

ప్రకటనలో "మిస్ కిమ్" అని రకం పేరు కూడా ఇచ్చారు. అది నిజంగా ఉన్న రకమే. ఎల్విన్ మీడర్ అనే అమెరికన్ 1947లో కొరియా కొండల నుంచి తెచ్చిన గింజల సంతతి. సున్నం కొంత ఉన్న నేల, నీరు నిలవని చోటు, మంచి ఎండ కావాలని రాశారు. అవీ నిజమే. మా నేలకు సరిగ్గా సరిపోతుందనిపించింది. నన్ను పడేసింది ఈ నిజాలే. చలి గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

లైలాక్ చలిదేశపు పొద. వేసవిలో మొగ్గ కట్టుకుని, శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏడు డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగిలితేనే ఆ మొగ్గ వసంతంలో బాగా విచ్చుకుంటుంది. మనకు జనవరి తెల్లవారుజామున పదిహేను, పదహారు డిగ్రీలుంటేనే దుప్పట్లు బయటికి తీస్తాం. కశ్మీర్ లోయలో పూస్తుందని మన దగ్గరా పూస్తుందని చెప్పడం మోసమే. తక్కువ చలికి కూడా పూయాలని కాలిఫోర్నియాలో రూపొందించిన "లావెండర్ లేడీ" వంటి రకాలు ఉన్నాయి కానీ వాటికీ ఎంతో కొంత శీతాకాలం ఉండాలి.

ఇక నాకు వచ్చిన పెట్టె సంగతి. మూడు పుల్లలు, ఒక్క ఆకు లేదు. "ప్రయాణంలో వాడిపోకుండా ఆకులు తీసేశాం" అని చీటీ పెట్టారు. వాపసుకు ఏడు రోజుల గడువు. చిగురు కనిపించేసరికి పన్నెండో రోజు. ఒకటి చనిపోయింది, రెండు మాత్రం ఏపుగా పెరిగాయి. డిసెంబరు చివర ఆకు రాలిస్తే భయపడి అమ్మినవారికి రాశాను. "లైలాక్ నిద్రలోకి వెళ్ళింది, కుదుట్లో ఐస్ గడ్డలు వేయండి, వసంతంలో పూస్తుంది" అని జవాబు. పది రోజులు వేశాను. చలి తగలాల్సింది కొమ్మల మీది మొగ్గలకని, వేళ్ళకు కాదని తర్వాత తెలిసింది.

మార్చిలో మళ్ళీ చిగురించాక, కొడుకు దగ్గర నుంచి తిరిగి వచ్చిన పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూసి, "తురకవేపను గోడ పక్కన ఎందుకు పెట్టావమ్మా?" అన్నారు. అటవీశాఖలో పనిచేసిన మనిషి. ఆకు తుంచి చూపించారు. ఈనె నుంచి ఈనెలు చీలి, వాటి నిండా రంపపు అంచుల చిన్న ఆకులు. అచ్చం వేప పోలిక. లైలాక్ ఆకు అలా ఉండదు. ఒక తొడిమకు ఒకటే ఆకు, చీలికలు లేకుండా, నున్నని అంచుతో, కొస సన్నగా తేలి ఉంటుంది. కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా వస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు, ఎవరూ మోసపోరు.

అమ్మినవారికి ఫొటోలు పంపాను. వాళ్ళ సమాధానం నాకు మరింత కోపం తెప్పించింది. "ఇది పెర్షియన్ లైలాక్. ఊదా పూలు పూస్తుంది, వాసనా ఉంటుంది, మేం అబద్ధం చెప్పలేదు" అన్నారు. తురకవేపను ఇంగ్లీషులో ఆ పేరుతో పిలిచే మాట వాస్తవమే, దాని పూలకు వాసన ఉన్న మాటా వాస్తవమే. కానీ అది ముప్పై, నలభై అడుగులు పెరిగే చెట్టు. దాని కాయలు విషం. మా మనవడు నేల మీద ఏది కనిపించినా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. పొట్టి పొద అని నమ్మించి, పిల్లలు తిరిగే వాకిట్లో దాన్ని నాటించినవారిని నేను క్షమించలేను.

కొనాలనుకునేవారు మొక్క శాస్త్రీయ నామం రాతపూర్వకంగా అడగండి. లైలాక్ అయితే సిరింగా అని ఉండాలి, మీలియా అని ఉంటే తురకవేపే. ఆకులతో ఉన్న మొక్క ఫొటో అడగండి. "మిస్ కిమ్ గింజలు" అని అమ్మేవారిని అసలే నమ్మవద్దు. గింజతో వేస్తే తల్లి గుణం ఉన్నదున్నట్టు రాదు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు, ఇప్పుడు దానికోసమే వాదించాల్సి వస్తోంది. ప్రకటన పేజీని కూడా ఫొటో తీసి దాచుకోండి, నా ఫిర్యాదు తర్వాత వాళ్ళు దాన్ని తీసేశారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.

తురకవేపలను పెద్దాయన తన పొలం గట్టుకు తీసుకెళ్ళారు. ఆ గుంతల్లో ఒకదానిలో అత్తయ్య గుండుమల్లె అంటు నాటారు, రెండోదానిలో మధుకామిని పెట్టాను. కత్తిరిస్తూ ఉంటే నడుము ఎత్తు దాటదు, మన ఎండకు తట్టుకుంటుంది, సాయంత్రం వాసన వీధి దాకా వస్తుంది. ఊదా రంగే కావాలంటే డిసెంబరు పూలు ఉన్నాయి, వాసన మాత్రం ఉండదు.

నిన్న రాత్రి మళ్ళీ వెతికాను. అదే ఫొటో, అదే మిస్ కిమ్, దుకాణం పేరు మాత్రం వేరు. మొక్క 449 రూపాయలట. పేజీ అంతా పూలే. ఆకు కనిపించే ఫొటో ఒక్కటీ లేదు.