ఫైళ్లు పంచాలంటే అనానిమస్ ఎఫ్‌టీపీనా, వెబ్ లింకా?

ఎఫ్‌టీపీ అంటే సర్వర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పాత పద్ధతి. మీ వెబ్ హోస్టింగ్‌లో అనానిమస్ ఎఫ్‌టీపీ తెరిస్తే అకౌంట్ లేనివాళ్లూ లోపలికి వచ్చి ఫైళ్లు దించుకోవచ్చు. కానీ 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి. చూసేవాళ్లు ఫైల్‌జిల్లా లాంటి ఎఫ్‌టీపీ యాప్ వేసుకోవాలి. పైగా సీప్యానెల్‌లో (హోస్టింగ్ సెట్టింగులు మార్చే చోటు) అనానిమస్ అప్‌లోడ్‌కి కూడా టిక్ పెట్టారంటే, ఎవరెవరో తెచ్చి పడేసిన ఫైళ్లతో మీ డిస్క్ కోటా నిండిపోతుంది.

నేనైతే దాన్ని ఆపేసి వెబ్ లింకే ఇస్తాను. ఫోన్‌లో నొక్కగానే తెరుచుకుంటుంది. పర్మిషన్లు, అంటే ఎవరు ఏం చేయొచ్చో చెప్పే అంకెలు, ఫోల్డర్‌కి 755, ఫైల్‌కి 644 చాలు. 644లో మొదటి 6 మీది: చదవడానికి 4, రాయడానికి 2. మిగిలిన రెండు 4లు గ్రూపుకి, బయటివాళ్లకి; చదవడం వరకే. అప్‌లోడ్ కాకపోతే టెన్షన్‌లో 777 మాత్రం కొట్టకండి, దయచేసి. ఆ సర్వర్‌లోని మిగతా యూజర్లకూ రాసే హక్కు ఇచ్చినట్టే. ముందు ఆ ఫోల్డర్ ఓనర్ ఎవరో చూడండి, తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.