4ఎల్80ఈ గేర్‌బాక్సు, 4.11 గేర్లు: రోడ్డు మీదా స్ట్రిప్ మీదా నడిచే నోవాలో కొన్నేళ్ల వాడకం తర్వాత

నా బండి 1972 షెవీ నోవా. అందులో పాత ట్రక్కు నుంచి దించిన 6.0 లీటర్ల ఎల్‌క్యూ4 ఇంజను, దాని జతగా వచ్చిన 4ఎల్80ఈ ఆటోమేటిక్, వెనక ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ ఉన్నాయి. డాలస్ నుంచి ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్ (తిన్నని పందెం ట్రాక్) దాకా ట్రైలర్ లేకుండా నడుపుకుంటూ వెళ్లాలి, పావు మైలు పరుగులు తీయాలి, మళ్లీ నడుపుకుంటూ ఇంటికి రావాలి. బండి కట్టుకున్నది ఇందుకే, కొన్నేళ్లుగా వాడుతున్నదీ ఇలాగే. ఇంజన్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను గేర్ల సంగతే చెబుతాను.

యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) ఎంత పెట్టాలని ఎవరడిగినా నేను ముందు రెండు విషయాలు అడుగుతాను: టైరు ఎత్తెంత? ఫినిష్ లైన్ దగ్గర వేగమెంత? గంటకు మైళ్లలో వేగాన్ని రేషియోతో, ఆపైన 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే డైరెక్ట్ గేర్‌లో (1.00) ఇంజను ఆర్పీఎం, అంటే నిమిషానికి చుట్లు, వస్తుంది. నా 275/60ఆర్15 డ్రాగ్ రేడియల్ ఎత్తు 28 అంగుళాలు. 336ని 28తో భాగిస్తే సరిగ్గా 12, ఇక నోటిలెక్కే. నా బండి గంటకు 118 మైళ్ల వేగంతో లైను దాటుతుంది. 3.70 గేరుతో అది 5,240 ఆర్పీఎం, 4.11తో 5,820, 4.30తో 6,090. కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించేది) జారుడు కింద ఇంకో 5 శాతం కలపండి. నా ఇంజనుకి బలమంతా 6,300 చుట్టుపక్కల ఉంది కాబట్టి కాగితం మీద 4.30 గెలుస్తుంది. అయినా 4.11 పెట్టాను. చలికాలంలో గాలి చిక్కబడితే బండి ఇంకా వేగంగా లైను దాటుతుంది, ఆ కాస్త జాగా ఉండాలి. రెండో కారణం ఇంటిదారి.

ఆ ఇంటిదారి కోసమే 4ఎల్80ఈ. దీని మొదటి మూడు గేర్లు టర్బో 400వే (జీఎం పాత మూడు గేర్ల ఆటోమేటిక్): 2.48, 1.48, 1.00. పైన ఇంజనుని నెమ్మదిగా తిప్పే 0.75 ఓవర్‌డ్రైవ్, జారకుండా లాకయ్యే కన్వర్టర్ అదనం. గంటకు 70 మైళ్ల దగ్గర 4.11 గేరుతో టర్బో 400 అయితే ఇంజను 3,450 దాటి అరుస్తూనే ఉంటుంది, లాకప్ లేదు కాబట్టి జారుడు కూడా తోడవుతుంది. నాది 2,590 దగ్గర నెమ్మదిగా తిరుగుతుంది. ఏసీ వేసుకుని, పక్కనున్నవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. టెక్సాస్ ఆగస్టు ఎండలో ఇది చిన్న విషయం కాదు. కన్వర్టర్ లాకవగానే గేర్‌బాక్సు ఆయిల్ వేడి దిగడం గేజీలో కళ్లకు కనబడుతుంది. ఆటోమేటిక్‌ని చంపేది ఎక్కువగా ఆ వేడే.

700ఆర్4 (జీఎందే ఇంకో నాలుగు గేర్ల ఆటోమేటిక్) ఎందుకు వద్దనుకున్నానంటే, దాని మొదటి గేరు 3.06 కాగితం మీద ఊరిస్తుంది గానీ రెండోది 1.63. 6,500 దగ్గర గేరు మారితే ఇంజను ఒక్కసారిగా 3,460కి పడిపోతుంది. 4ఎల్80ఈలో 3,880 దగ్గర ఆగుతుంది, ఊపు తెగదు. పైగా రోడ్డు మీద అంత పొట్టి మొదటి గేరు టైరుని పొగ చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మోటార్‌ప్లెక్స్ కాంక్రీటు ట్రాక్ పట్టు వేరు. అక్కడ నా 2.48 ఇంటూ 4.11, అంటే 10.19, మొత్తం నేలకి దిగుతుంది.

ఇక లోపాలు. ఈ గేర్‌బాక్సు బాగా బరువు, లోపల తిప్పాల్సిన ఇనుము ఎక్కువ, కొంత బలాన్ని తనే తినేస్తుంది. నోవా ఫ్లోర్ టన్నెల్‌ని సుత్తితో కాస్త వెడల్పు చేయాల్సి వచ్చింది, క్రాస్‌మెంబర్ వెనక్కి జరిగింది. విడిగా కంప్యూటర్ కావాలి, షిఫ్టులు నచ్చినట్టు కుదరడానికి ఓపిక కావాలి. నేను కొన్న మొదటి కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ వణికేది, విప్పి మళ్లీ కట్టించాకే కుదిరింది. ఒంటి డిస్కు లాకప్ అయితే ఫుల్ థ్రాటిల్‌లో లాక్ చేయకండి, అది క్రూజింగ్ కోసమే.

9 అంగుళాల యాక్సిల్‌లో పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) బాగా కిందికి ఉండటం వల్ల రాపిడి నష్టం ఎక్కువే. కానీ గేర్ల ముద్ద మొత్తం ముందు నుంచి ఒకే ముక్కగా ఊడొస్తుంది. 3.70తో ఇంకో ముద్ద సిద్ధంగా పెట్టుకున్నాను. దూర ప్రయాణమైతే ఓ పూటలో మార్చేస్తాను, 70 మైళ్లకి 2,330 ఆర్పీఎం. షెవీ 12 బోల్టుల యాక్సిల్‌లో అయితే 3.73 నుంచి 4.10కి వెళ్లాలంటే మామూలుగా పెద్ద గేరుని మోసే క్యారియర్ కూడా మార్చాలి. కొత్త గేర్లు వేసిన మొదట్లో మాత్రం హైవే మీద ఏకధాటిగా తోలకండి, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వండి.

2005లో మొదలైన డ్రాగ్ వీక్ పోటీలో బండ్లు వారంలో దాదాపు 1,000 మైళ్లు రోడ్డు మీదే వెళ్లాలి. టర్బో 400, పవర్‌గ్లైడ్ (రెండు గేర్ల ఆటోమేటిక్) వదలలేనివాళ్లు అక్కడ వెనకాల గేర్ వెండర్స్ కంపెనీ 0.78 ఓవర్‌డ్రైవ్ తగిలించుకుంటారు. ఇప్పటికే మంచి టర్బో 400 ఉన్నవాళ్లకి నేనూ అదే చెబుతాను. టర్బోచార్జర్ ఉన్న ఇంజనుకి మాత్రం నా 4.11 పనికిరాదు, దానికి లోడు కావాలి. 3.50 దగ్గర మొదలుపెట్టండి.