సన్హెరీబు కాలువ వెంట నాలుగు రోజులు

తెలుగు బైబిలు చదివినవారికి అష్షూరు (అస్సీరియా) రాజైన సన్హెరీబు యెరూషలేము మీదికి దండెత్తి వచ్చినవాడుగా తెలుసు. క్రీ.పూ. 705 నుంచి 681 వరకు ఏలిన ఆ రాజు నీనెవె నగరానికి నీళ్ళు తెచ్చిన కాలువల జాడ ఉత్తర ఇరాక్‌లో నేటికీ ఉంది. ఆ జాడ వెంట నేనూ నా భార్యా నాలుగు రోజులు తిరిగాము.

బస విషయంలో పొరపాటు చేశాము. నాలుగు రాత్రులూ ఎర్బిల్‌లోనే ఉన్నాము. కోటదిబ్బ కింద, బజారుకు నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలో దొరికిన గది శుభ్రంగానే ఉంది కానీ, కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు మోతకు నిద్ర పట్టలేదు. శాకాహారులకు పప్పు సూపు, పెరుగు, రొట్టె, వంకాయ దొరుకుతాయి. మూడో రోజుకు మొహం మొత్తుతుంది. ముప్పై మీటర్ల ఎత్తున్న ఆ దిబ్బే అష్షూరువారి అర్బెలా. వారు కొలిచిన ఇష్తారు ఆలయం ఇక్కడే ఉండేదంటారు గాని, పైన కనిపించేవన్నీ తరువాతి కాలపు ఇళ్ళు. దీనికి ఒక పూట చాలు. నాలుగింటిలో రెండు రాత్రులు కాలువల వైపున్న దుహోక్ పట్టణంలో గడిపి ఉంటే దారిలో పోయిన గంటలు మిగిలేవి.

హోటలువారు మాట్లాడిపెట్టిన గైడు నిజానికి డ్రైవరు. చరిత్ర అడిగితే నవ్వి ఊరుకునేవాడు. అయితే మట్టిదారులన్నీ అతనికి కొట్టిన పిండి. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఓపికగా మాట్లాడి దాటించేవాడు. డబ్బు గైడుకిచ్చినంత ఇచ్చామన్నదే మా బాధ.

జెర్వాన్ దగ్గర వాగు మీదుగా కాలువను దాటించడానికి కట్టిన రాతి అక్విడక్టు పొలాల మధ్య పడి ఉంది. దాదాపు 280 మీటర్ల పొడవు; పట్టిన రాళ్ళు ఇరవై లక్షలకు పైమాటేనని లెక్క కట్టారు. రాళ్ళ మీద అష్షూరువారి శరాకార లిపిని (మేకుల్లాంటి గీతల రాతను) చేత్తో తడిమి చూడవచ్చు. నీడ లేదు, మరుగుదొడ్డి లేదు.

ఖిన్నిస్ మాత్రం వేరు. గోమెల్ నది ఒడ్డున కొండ మొగాన దేవతల ముందు రాజు నిలబడి ఉన్నాడు. తరువాతి కాలంలో ఎవరో ఆ బొమ్మల గుండానే గూళ్ళు తొలిచారు. అక్కడి శాసనం మొదట కాలువల సంగతి చెబుతుంది: పద్దెనిమిది కాలువలు తవ్వించి నీనెవె గుండా పారే ఖోస్ర్ నదిలోకి మళ్ళించాడట, పనివాళ్ళకు బట్టలూ బంగారు ఉంగరాలూ ఇచ్చాడట. ఆ వెంటనే ఏలాము (నేటి ఇరాన్ నైరుతి భాగం), బబులోను సేనలతో హలూలె వద్ద జరిగిన యుద్ధం, ఆపైన క్రీ.పూ. 689లో బబులోను నాశనం. ఇళ్ళు కూల్చి, తగలబెట్టి, నగరం నడుమ కాలువలు తవ్వించి ఆ చోటును నీట ముంచానని రాజు తానే చెప్పుకున్నాడు. అతడు బబులోను గద్దె మీద కూర్చోబెట్టిన కొడుకును అక్కడివారే ఏలామీయులకు పట్టి ఇచ్చిన పగ దీని వెనుక ఉంది. ఇంకా పాత పగ కూడా శాసనంలో ఉంది: అప్పటికి 418 ఏళ్ళ క్రితం బబులోనువారు ఎత్తుకుపోయిన అదదు, షాలా దేవతామూర్తులను తిరిగి తెచ్చాడట. సొంత ఊరికి నీళ్ళిచ్చిన విద్యతోనే పొరుగు ఊరిని ముంచిన సంగతి ఒకే శాసనంలో, ఆ నీటి ఒడ్డునే చదవడం నాకు మరెక్కడా దొరకని అనుభవం. అనువాదాన్ని ముందే ముద్రించుకుని వెళ్ళాలి. చదివి చెప్పేవారెవరూ మాకు అక్కడ కనబడలేదు.

మోసుల్‌కు ఒక రోజు పెట్టుకోండి. తనిఖీలలోనే పూట గడుస్తుంది. అక్కడున్న నీనెవె ప్రాకారం చుట్టుకొలత సుమారు 12 కిలోమీటర్లు. 2014లో పేల్చివేతకు గురైన యోనా సమాధి మందిరం ఉన్న దిబ్బ కింద సన్హెరీబు కొడుకు ఏసర్హద్దోను రాజభవనం ఉంది. తండ్రి ముంచిన బబులోనును తిరిగి కట్టించినది ఇతడే. ఐగుప్తు (ఈజిప్టు) మీదికి వెళ్ళి క్రీ.పూ. 671లో మెంఫిస్‌ను పట్టుకున్నదీ ఇతడే. అక్కడి రాజు తిర్హాకా విగ్రహాల ముక్కలు ఈ దిబ్బలోనే దొరికాయి. క్రీ.పూ. 612లో ఇరాన్ వైపు నుంచి వచ్చిన మాదీయులతో కలిసి బబులోనువారు నీనెవెను కూల్చారు.

సన్హెరీబు యూదాలోని లాకీషు పట్టణాన్ని ముట్టడించిన దృశ్యాల శిల్పాలు ఇక్కడ చూడవచ్చనుకుని రాకండి. అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ప్రవేశం ఉచితం. ఇక్కడికైతే మార్చి, ఏప్రిల్ నెలల్లో రావడం మంచిది; మేము వెళ్ళిన జూన్‌లో పదకొండు గంటలకే జెర్వాన్ రాళ్ళ మీద చెయ్యి ఆనలేదు.