ఎంసెట్ మ్యాథ్స్: వరసగా చేయడమా, రౌండ్లుగా చేయడమా? ఏది మేలు?

ఎంసెట్ ఇప్పుడు ఈఏపీసెట్ అయినా ఇంజినీరింగ్ పేపర్ లెక్క రెండు రాష్ట్రాల్లోనూ అదే: 180 నిమిషాల్లో 160 బిట్లు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సగటున బిట్టుకు 67 సెకన్లు. కెమిస్ట్రీ అరగంటలో, ఫిజిక్స్ 40 నిమిషాల్లో అయిపోతే మ్యాథ్స్‌కి 110 నిమిషాలు మిగులుతాయి. అంటే బిట్టుకు 80 సెకన్ల పైమాటే. నిజానికి మంచి టైమే.

ఒకటో బిట్టు నుంచి వరసగా చేసుకుపోతే ఏదీ కంటి నుంచి జారదు, చదివింది మళ్లీ చదవక్కర్లేదు. కానీ పన్నెండో బిట్టు దగ్గర ఇరుక్కుంటే? బాగా చదివే పిల్లలకే ఇక్కడ ఎక్కువ నష్టం. వచ్చిన చాప్టరే కదా, ఇంకో స్టెప్ వేస్తే వచ్చేస్తుందని నాలుగు నిమిషాలు పోస్తారు. ఆ నాలుగు నిమిషాల్లో చివర్లో ఉన్న మూడు సులువైన బిట్లు అయిపోయేవి. దాని విలువా ఒక మార్కే, వీటి విలువా తలా ఒక మార్కే.

అందుకే నా ఓటు రౌండ్లకే. మొదటి రౌండ్‌లో చదవగానే దారి కనబడినవే చేయాలి. ఉదాహరణకు x² − 5x + 6 = 0 మూలాలు α, β అయితే α³ + β³ ఎంత? మూలాల మొత్తం 5, లబ్ధం 6; 5³ − 3 × 6 × 5 = 125 − 90 = 35. ఇరవై సెకన్ల పని. పొడుగాటి ఇంటిగ్రేషన్ వస్తే కంప్యూటర్ తెర మీద మార్క్ ఫర్ రివ్యూ (తర్వాత చూద్దాం అని గుర్తు పెట్టే బటన్) నొక్కి ముందుకెళ్లాలి. రెండో రౌండ్‌లో దానికి రెండు నిమిషాలు ఇచ్చినా టెన్షన్ ఉండదు, ఎందుకంటే మిగతా పేపర్ అంతా అప్పటికే చూసేశారు.

రౌండ్లలో ఒక ఇబ్బంది ఉంది: వదిలిన బిట్టును మళ్లీ మొదటి నుంచి చదవాలి. సగం చేసి వదిలితే రఫ్ షీట్ మీద బిట్టు నంబర్ వేసి గీత గీసి పెట్టుకోండి. ఆ చిన్న అలవాటుతో చాలా సమయం కలిసొస్తుంది.

గడియారం చూసుకుంటూ నిమిషం కాగానే ఎక్కడున్నా వదిలేయడం అనే మూడో పద్ధతి మాత్రం నాకు నచ్చదు. జవాబుకు ఒక్క స్టెప్ దూరంలో ఆగిపోతే పెట్టిన నిమిషమంతా వృథా.

ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో లెక్కలు ఆపేసి, ఖాళీగా ఉన్న ప్రతి బిట్టుకూ ఏదో ఒక ఆప్షన్ పెట్టేయాలి. జేఈఈ మెయిన్‌లో మాత్రం ఇలా చేయొద్దు. అక్కడ 180 నిమిషాలకు 75 ప్రశ్నలే, మ్యాథ్స్‌వి 25. టైమ్ ఎక్కువే, కానీ తప్పుకు ఒక మార్కు పోతుంది. రౌండ్లు అక్కడా పనికొస్తాయి. ఏమీ తెలియని ప్రశ్నను ఖాళీగా వదిలేయాలి.