సెక్వాల్స్‌లో ప్రిమో కార్నేరా ఇంటికి

ఇటలీ ఈశాన్య మూలన, ఫ్రియూలీ ప్రాంతంలో సెక్వాల్స్ అనే చిన్న ఊరుంది. 1933లో ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ కిరీటం గెలిచిన ప్రిమో కార్నేరా పుట్టిందీ కన్నుమూసిందీ అక్కడే. ఆయన కట్టించుకున్న ఇల్లు చూడాలని వెనిస్ నుంచి రైలెక్కి ఊదినెలో దిగాను.

ఊదినెలో బస పెట్టుకోవడం తప్పని ఆ రాత్రే తెలిసింది. స్టేషన్ దగ్గర గదికి 75 యూరోలు ఇచ్చినా రోడ్డు మోతకు కన్ను మూతపడలేదు. కార్నేరా పేరు పెట్టిన క్రీడా ప్రాంగణాన్ని బయటి నుంచి చూసి, ఆదివారం కావడంతో బస్సు కోసం గంటన్నర కాచుకున్నాను.

మీరు వెళ్తే స్పిలింబెర్గో అనే ఊళ్లోనే బస చేయండి. సెక్వాల్స్ అక్కడికి దగ్గర. నాకు గది ఇచ్చిన పెద్దావిడ ఉదయం ఫలహారంతో కలిపి 65 యూరోలే తీసుకున్నారు. కార్నేరా ఇల్లు రోజూ తెరిచి ఉండదని చెప్పి, తానే ఫోన్ చేసి వేళలు కనుక్కున్నారు. రాత్రికి ఫ్రీకో వండారు. మోంతాసియో చీజు, బంగాళాదుంప కలిపి పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాలుస్తారు. అంచులు మన దిబ్బరొట్టెలా కరకరలాడాయి.

ఆ ఊళ్లో 1922లో మొదలైన మొజాయిక్ (చిన్న రాతి ముక్కలు పొదిగి బొమ్మలు కూర్చే పని) పాఠశాలను ముందు చూడండి. మొద్దులో దిగగొట్టిన ఉలి అంచు మీద రాయి ఆనించి, పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. గోరంత ముక్క పక్కకు రాలుతుంది. కార్నేరా తండ్రిది ఈ పనే. పేదరికం వల్ల కొడుకు చిన్న వయసులోనే ఫ్రాన్స్ వెళ్లి సర్కసులో బలప్రదర్శనలు చేశాడు.

సెక్వాల్స్ ఇంట్లో ఫోటోల ముందు చాలాసేపు నిలబడిపోయాను. దాదాపు 197 సెంటీమీటర్ల ఎత్తు, 118 కిలోల మనిషి. 1933 జూన్ 29న న్యూయార్క్‌లో జాక్ షార్కీని ఆరో రౌండులో పడగొట్టాడు. ఆయన తొలి పోటీల్లో కొన్నిటి ఫలితం ముందే కుదుర్చుకున్నదన్న మాట ఎప్పటినుంచో ఉంది. సంపాదనలో చాలా భాగం చుట్టూ చేరినవాళ్లే మింగేశారు. అందుకే ఆయన్ను ఆడించిన బొమ్మ అంటారు. నేను ఒప్పుకోను. 1934లో మాక్స్ బేర్ చేతిలో పదే పదే నేలకూలి, పదకొండో రౌండులో పోటీ ఆపేవరకు లేస్తూనే ఉన్నాడు. అలా లేచింది ఎవరు ఆడిస్తే? తర్వాత కుస్తీ గోదాలోకి దిగి పోయిన డబ్బు మళ్లీ కూడబెట్టుకున్నాడు.

కిరీటం గెలిచిన తేదీనే, 1967 జూన్ 29న, ఈ ఊళ్లోనే పోయాడు. సమాధి ఇక్కడి శ్మశానంలోనే ఉంది. నేను వెళ్లేసరికి పొద్దు వాలింది, తిరుగు బస్సుకు వేళయింది. ఒక్క పూటలో ముగించాలనుకోకుండా స్పిలింబెర్గోలో రెండు రాత్రులు పెట్టుకోండి.